తర్వాతి పువ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది?

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఇంకా చోటుంది, నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ఈ బల్ల మీద ఆరు కుండీలు, ఒక సీసాలో మెట్టతామర కాడ పెట్టాను. వెనక ఉన్నవాళ్లకు కనిపించేలా ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తాను. చివర్లో మీరంతా దగ్గరికి వచ్చి చేత్తో పట్టుకుని చూడండి. వాడిన పూలను తుంచే ఈ పని వింటే సగమే వస్తుంది, వేళ్లకు తెలిస్తేనే మిగతా సగం వస్తుంది.

పూల మొక్కలు పెంచేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "నాటిన కొత్తలో విరగబూసిందండీ, తర్వాత పూయడం మానేసింది. ఏ ఎరువు వేయమంటారు?" నేను ఎరువు పేరు చెప్పను. ముందు మొక్క ఫొటో పంపమంటాను. ఫొటోలో మొక్క పచ్చగా, ఆరోగ్యంగానే ఉంటుంది. కాస్త పెద్దది చేసి చూస్తే కొమ్మ చివర్లలో ఎండిన పూలు, వాటి కింద ఉబ్బుతున్న కాయలు కనిపిస్తాయి. ఆ మొక్కకు ఏ లోటూ లేదు. తను వచ్చిన పని పూర్తిచేసుకుంటోంది, అంతే.

ఆ పని ఏమిటో ముందు చెప్పుకుందాం. మొక్క పూసేది గింజ కోసం. రంగు, వాసన, తేనె, ఇవన్నీ పుప్పొడి మోసే పురుగుల్ని పిలవడానికి. పుప్పొడి చేరాల్సిన చోటికి చేరిందా, ఇక రేకులతో మొక్కకు అవసరం తీరినట్టే. కార్నేషన్‌లోనూ, చాలా ఆర్కిడ్లలోనూ ఇది స్పష్టంగా చూడొచ్చు. పరాగసంపర్కం జరిగిన పువ్వు, జరగని పువ్వుకన్నా ముందే వాడిపోతుంది. పుప్పొడి పడ్డాక పువ్వులో ఇథిలీన్ అనే వాయువు తయారవుతుంది, ఆ కబురు అందుకుని రేకులు వడలిపోతాయి. అంటే మనం "అయ్యో, పువ్వు వాడిపోయింది" అనుకునే ఘడియే మొక్కకు అసలు పని మొదలయ్యే ఘడియ. రేకుల అడుగున ఉన్న అండాశయం ఉబ్బడం మొదలవుతుంది. అప్పట్నుంచి ఆకులు ఎండలో తయారుచేసే చక్కెరలో పెద్ద వాటా అటు మళ్లుతుంది. పెరుగుతున్న గింజ ఆకలి మామూలు ఆకలి కాదు.

గింజ తిండి లాక్కోవడంతో ఆగదు, కబుర్లు కూడా పంపిస్తుంది. యాపిల్ తోటల్లో ఒక ఏడాది విపరీతంగా కాసిన చెట్టు మరుసటి ఏడాది సరిగ్గా పూయకపోవడం రైతులందరికీ తెలిసిన సంగతే. దానికి ఒక కారణం, పెరుగుతున్న గింజల్లోంచి వచ్చే జిబ్బరెలిన్ అనే హార్మోన్లు. వచ్చే ఏడాది పూమొగ్గలు ఏర్పడకుండా అవి అడ్డుపడతాయి. మన కుండీలోని చిన్న మొక్కలో లెక్కలు వేరుగా ఉండొచ్చు గానీ దారి అదే. కడుపులో గింజ ఉన్నంతసేపు కొత్త పువ్వు మీదికి మొక్క ధ్యాస పోదు.

ఇక్కడ ఏకవార్షికాలకూ బహువార్షికాలకూ ఉన్న తేడా చెప్పాలి, నా ప్రసంగమంతా రెండో రకం గురించే కాబట్టి. బంతి లాంటి ఏకవార్షికం గింజ కట్టి చనిపోతుంది. దానికి దాచుకోవడానికి రేపనేది లేదు. రెండేళ్లకు మించి బతికే మొక్కకు ఇంకో ఖర్చు ఉంది. వేరులోనో, దుంపలోనో, గడ్డలోనో, ముదురు కాండంలోనో వచ్చే ఏడాదికి కొంత దాచుకోవాలి. అందుకని బహువార్షికంలో వాడిన పువ్వు తీసేస్తే రెండు రకాల లాభం ఉంటుంది. గులాబీలా మళ్లీ మళ్లీ పూసే రకమైతే ఆ బలం ఈ కాలంలోనే ఇంకో పువ్వవుతుంది. పియోనీలా ఏడాదికి ఒక్కసారే పూసేదైతే ఎన్ని పూలు తుంచినా ఈ ఏడాది ఇంకో పువ్వు రాదు, ఆ బలం వేరులోకి దిగుతుంది. ఈ తేడా తెలియక కొందరు నిరాశపడతారు. "మీరు చెప్పినట్టే తుంచాను, ఏమీ రాలేదు" అంటారు. వచ్చిందండీ, మట్టి కింద ఉంది, కనపడదు.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. నేను మొదట్లో కొన్నేళ్లపాటు ఈ పనిని తప్పుగానే చేశాను. వాడిన పువ్వును రెండు వేళ్లతో పట్టుకుని లాగితే రేకులన్నీ ఊడి చేతిలోకి వచ్చేవి, మొక్క శుభ్రంగా కనిపించేది, పని అయిపోయిందనుకునేదాన్ని. అలా చేసిన ఒక డేలిల్లీ మొక్కకు నెల తిరక్కుండా పచ్చటి లావు కాయలు వేలాడాయి. నేను తీసింది మొక్క ఎలాగూ వదిలేయబోయే రేకుల్ని. అసలు గింజ తయారయ్యే అండాశయాన్ని కాడ మీదే వదిలేశాను. ఇదిగో ఈ పువ్వు చూడండి. రేకుల కింద, కాడ మొదలయ్యే చోట చిన్న ఉబ్బు ఉంది. వేలితో నొక్కితే గట్టిగా తగులుతుంది. తుంచామంటే ఇది కూడా చేతిలోకి రావాలి. రాకపోతే మనం చేసింది శుభ్రం చేయడం వరకే.

సరే, ఉబ్బుతో సహా తీసేస్తాం. కానీ ఎక్కడికి తీయాలి? పువ్వు మెడ దగ్గరా? మొదటి ఆకు దాకానా? కాడ మొత్తమా? నేల దాకానా? అన్ని మొక్కలకూ పనికొచ్చే కొలత చెప్పమని చాలామంది అడుగుతారు. అలాంటి కొలత లేదు. కానీ అన్ని మొక్కలకూ పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. కత్తెర పెట్టే ముందు మొక్కను చూసి ఇలా అడగండి: దీనికి తర్వాతి పువ్వు ఎక్కణ్ణుంచి వస్తుంది? జవాబు దొరికితే ఎక్కడ కోయాలో మొక్కే చూపిస్తుంది. దొరక్కపోతే ఆరోజు కోయకండి. ఓ వారం ఆగి చూడండి, కొత్త చిగురు ఎక్కడ పొడుచుకొస్తోందో కనిపిస్తుంది.

ఈ ప్రశ్న వెనకున్న శాస్త్రం కూడా కొంచెం చెబుతాను, నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. కొమ్మ కొస పెరుగుతున్నంత కాలం దాని కింద ఆకు మూలల్లో ఉన్న మొగ్గలు నిద్రపోతూనే ఉంటాయి. దీన్ని అగ్రాధిక్యత అంటారు. 1920ల చివర్లో ఫ్రిట్స్ వెంట్ అనే డచ్ శాస్త్రవేత్త ఓట్స్ మొలకల కొసల్ని కోసి అగర్ అనే జిగురు ముక్కల మీద పెట్టి, వాటిలోంచి పెరుగుదల పదార్థం ఒకటి ఆ ముక్కల్లోకి దిగుతుందని చూపించాడు. దానికే తర్వాత ఆక్సిన్ అని పేరొచ్చింది. 1933లో కెనెత్ థీమన్, ఫోక్ స్కూగ్ అనే ఇద్దరు బ్రాడ్ బీన్ అనే చిక్కుడు జాతి మొక్క మీద ఇంకో ప్రయోగం చేశారు. కొస కోసేస్తే పక్క మొగ్గలు లేచాయి. కోసిన చోట ఆక్సిన్ పెడితే లేవలేదు, నిద్రలోనే ఉండిపోయాయి. అంటే పక్క మొగ్గల్ని ఆపుతున్నది కొసలోంచి కిందికి దిగే ఆ పదార్థమే. ఆ తర్వాత కథ ఇంకా పెరిగింది. వేళ్ల నుంచి పైకి వచ్చే సైటోకైనిన్లు అనే హార్మోన్లు మొగ్గల్ని లేపుతాయని తెలిసింది. స్ట్రైగోలాక్టోన్లు అనే ఇంకో రకం హార్మోన్లు కొమ్మలు రాకుండా ఆపుతాయని 2008లో బయటపడింది. కొస పోగానే మిగిలే చక్కెర కూడా మొగ్గను నిద్రలేపుతుందని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. మనకు ఇందులోంచి కావాల్సింది ఒక్కటే. కోసిన చోటుకు సరిగ్గా కింద ఉన్న మొగ్గే సాధారణంగా ముందు లేస్తుంది. కాబట్టి ఏ మొగ్గ లేవాలో మనం ఎంచుకోవచ్చు.

గులాబీ కుండీ ఎత్తుతున్నాను, చూడండి. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే గులాబీ అర్థమైతే సగం తోట అర్థమైనట్టే.

వాడిన పువ్వు నుంచి కాడ వెంట కిందికి రండి. పువ్వుకు దగ్గరగా ఉన్న ఆకుకు మూడే చిట్టి ఆకులున్నాయి. ఇంకొంచెం కిందికొస్తే ఐదు. కొన్ని రకాల్లో ఏడు కూడా ఉంటాయి. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట లోపలి మూలన చిన్న ఎర్రటి చుక్కలాంటిది ఉంది. అదే కన్ను. అదే తర్వాతి పువ్వు. మూడు చిట్టి ఆకుల దగ్గరి కన్ను సాధారణంగా బలహీనం. దాన్నుంచి వచ్చే కొమ్మ సన్నగా వచ్చి, పువ్వు బరువుకు వంగిపోతుంది. ఐదు ఆకుల దగ్గర కొమ్మ కాస్త మందంగా ఉంటుంది, కన్ను బలంగా ఉంటుంది. అందుకే ఐదాకుల దగ్గర కోయమంటారు. ఆ ఐదాకుల్లో కూడా మొక్క నడిమికి చూసే కన్ను కాకుండా బయటికి చూసే కన్నును ఎంచుకోండి. కొత్త కొమ్మ ఆ కన్ను చూసే దిక్కుకే పోతుంది. అన్నీ లోపలికి పోతే మొక్క నడుమ గాలి ఆడదు, ఆకుల మీద నల్ల మచ్చల తెగులు ఎక్కువవుతుంది.

కన్నుకు అర సెంటీమీటరు పైన కోయండి. మరీ పైన కోస్తే మిగిలిన మోడు ఎండి, ఆ ఎండు కిందికి పాకుతుంది. మరీ దగ్గరగా కోస్తే కన్నే ఎండిపోతుంది. ఏటవాలుగా కోయాలా, సమంగా కోయాలా అని జనం చాలా టెన్షన్ పడతారు. ఏటవాలుగా కోస్తే మంచిదే, వాలు కన్నుకు అవతలి వైపు ఉంటే నీళ్లు దాని మీదికి జారవు. కానీ నా అనుభవంలో కోణం కన్నా రెండు సంగతులు ఎక్కువ ముఖ్యం, కన్నుకు సరైన దూరం, నలపకుండా కోసే పదునైన కత్తెర.

ఇక ఇక్కడ నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. ఐదాకుల నియమాన్ని లేత మొక్క మీద వాడకండి. కొత్తగా నాటిన గులాబీకి ఉన్నవే పది పన్నెండు ఆకులైతే, ప్రతి పువ్వుకూ మూడు నాలుగు ఆకులు కోసేస్తే అది తిండి ఎలా వండుకుంటుంది? ఆకే దాని వంటిల్లు. మొదటి ఏడాది పువ్వు కింద మెడ దగ్గర కొంచెం ఉబ్బుగా ఉన్న చోట వంచి తుంచేయండి, చాలు. ఒక్క ఆకు కూడా పోదు. అదే ముదురు మొక్క, గుబురుగా ఉందంటే ధైర్యంగా కిందికి కోయండి. నియమం పుట్టింది బలమైన మొక్కల కోసం, మనం దాన్ని బలహీనమైన మొక్కకు అంటగడుతున్నాం.

గుత్తులుగా పూసే గులాబీ అయితే ముందు గుత్తి నడుమ పువ్వు వాడిపోతుంది. దాన్నొక్కదాన్నే తీయండి. పక్క మొగ్గలు పూసి అన్నీ వాడాక గుత్తి మొత్తం కింద కన్ను దాకా తీసేయండి. అక్కణ్ణుంచి మళ్లీ పువ్వు రావడానికి రకాన్ని బట్టి, ఎండను బట్టి ఐదు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఓపిక పట్టాలి. మూడో వారంలో ఎరువు డబ్బా వెతుక్కోవద్దు. మంచు పడే చోట ఉన్నవాళ్లు తొలి మంచుకు నెలన్నర ముందే ఈ పని ఆపేయాలి. అప్పుడు పుట్టిన లేత చిగుళ్లు ముదిరే లోపే మంచుకు మాడిపోతాయి. చివరి పూలను కాయలు కట్టనిస్తే మొక్క కూడా నిదానించి చలికి సిద్ధమవుతుంది.

డాలియా. దీని గురించి చెబుతుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. డాలియా పెంచిన మొదటి ఏడాది వాడిన పూలనుకుని ఒక పూట బోలెడు మొగ్గలు తుంచేశాను. రేకులు రాలిపోయిన డాలియా పచ్చగా ముడుచుకుని అచ్చం మొగ్గలాగే ఉంటుంది. తేడా ఇదిగో, ఈ రెండూ పక్కపక్కన పట్టుకున్నాను. మొగ్గ గుండ్రంగా, కొంచెం అణిగినట్టు, గుండీలా ఉంటుంది, నొక్కితే గట్టిగా ఉంటుంది. వాడినది కోసుగా, శంఖం కొసలా సాగి ఉంటుంది, నొక్కితే మెత్తగా, ఒక్కోసారి తడిగా తగులుతుంది. గుండ్రంగా ఉంటే ఉంచండి, కోసుగా ఉంటే తీయండి. కోసేది కూడా మెడ దగ్గర వద్దు, కింద ఆకుల జంట దాకా వెళ్లండి. అక్కడి మూలల్లోంచే కొత్త కాడలు వస్తాయి. లోపలికి కోసినకొద్దీ వచ్చే కాడ పొడవుగా, నిటారుగా వస్తుంది.

సీసాలోది మెట్టతామర కాడ. పూలకంకి అయిపోయిందని దీన్ని నేల దాకా కోసేసేవాళ్లు చాలామంది. ఆగండి. వాడిన కంకికి కిందుగా, కాడకు అంటుకుని ఉన్న ఈ పొర వెనక వేలు పెట్టి చూడండి. చిన్న మొలకలా ఇంకో కంకి తయారవుతోంది. కాబట్టి ఈసారి కోత దీనికి పైనే. ఇది కూడా పూసి అయిపోయి, వేలికి ఇంకే మొలకా తగలనప్పుడు, అప్పుడు కాడను నేల దాకా కోసేయండి. ఒకసారి పూత ముగిసిన కాడ మళ్లీ పూయదు, తర్వాతి పువ్వు దుంపలోంచి వచ్చే కొత్త పిలకకే. చూశారా, ఒకే మొక్కకు, ఒకే ప్రశ్నకు, నెల తేడాతో రెండు జవాబులు.

కనకాంబరానికి కంకి కింది నుంచి పైకి వరసగా పూస్తుంది. పూలు వాటంతటవే ఊడిపోతాయి, వాటిని ముట్టుకోనక్కర్లేదు. కంకి కొస దాకా పూత అయిపోయి గోధుమ రంగుకు తిరిగాక మొత్తం కంకిని కింద ఆకుల జంట పైన గిల్లేయండి. వదిలేస్తే ఎండిన కాయలు తడి తగలగానే టప్‌మని పగిలి గింజల్ని దూరంగా విసురుతాయి. గింజలు కావాలనుకునేవాళ్లకు అది వరమే, కాని తొట్టిలోని మిగతా మొక్కల మధ్య కనకాంబరం మొలకలు ఏరుకుంటూ కూర్చోవాలి.

జెర్బెరాకు కత్తెర వద్దు. కాడ అడుగున పట్టుకుని పక్కకు మెలితిప్పి లాగితే మొదలుతో సహా వస్తుంది. కోస్తే మిగిలిన బోలు మోడులో నీళ్లు నిలిచి, మొదలు కుళ్లుతుంది. జెరేనియం కూడా అంతే, గుత్తి కాడను కొమ్మకు కలిసే చోట పట్టుకుని కిందికి వంచితే టక్కున విరుగుతుంది.

ఇప్పుడు ఈ హోయా తీగ. ప్రశ్న వేసుకోకుండా చేయి పెడితే ఎంత నష్టమో దీన్ని చూస్తే తెలుస్తుంది. మైనంతో చేసినట్టుండే ఈ పూలగుత్తి వాడి రాలిపోయాక ఒక పొట్టి మోడులాంటి కాడ మిగులుతుంది. చూడ్డానికి ఎండుపుల్లలా ఉంటుంది, కోసేయాలనిపిస్తుంది. కోయకండి. హోయాకు తర్వాతి గుత్తి వచ్చేది ఆ మోడులోంచే. ఒక్కో మోడు ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పూస్తుంది, పూసిన ప్రతిసారీ కాస్త పొడవు పెరుగుతుంది. దాన్ని తీసేస్తే తీగ కొత్త మోడు కట్టుకోవడానికి ఎంతో కాలం పడుతుంది. వాడిన చిన్న పూలను మాత్రం వేలితో రాల్చండి, కాడను ముట్టుకోవద్దు. ఫెలనాప్సిస్ ఆర్కిడ్‌లో కూడా ఇలాంటిదే ఒకటుంది. పూలన్నీ రాలినా కాడ పచ్చగా ఉంటే, కింది నుంచి రెండో మూడో కణుపు పైన కోస్తే ఆ కణుపులోంచి ఇంకో రెమ్మ రావచ్చు. కాడ పసుపుగా మారి ఎండిపోతే మాత్రం అడుగు దాకా తీసేయొచ్చు.

అక్కడ ఒకమ్మాయి చెయ్యెత్తింది. చెప్పమ్మా... మందారం సంగతి అడుగుతోంది. మంచి ప్రశ్న. చాలా మందారాల పువ్వు బతికేది ఒక్కరోజే, మరునాటికి ముడుచుకుని ఒకట్రెండు రోజుల్లో తొడిమతో సహా రాలిపోతుంది. తన పని తానే చేసుకునే మొక్క. రాలినవి కింద కుళ్లకుండా ఏరేస్తే చాలు. బిళ్ళగన్నేరు కూడా పూలు రాల్చేసుకుంటుంది, కాకపోతే సన్నటి జంట కాయలు కడుతుంది. అవి కనిపిస్తే గిల్లేయండి, కొసలు కూడా అప్పుడప్పుడు గిల్లితే గుబురవుతుంది. శంఖపుష్పం తీగకు మాత్రం కాయలు పెట్టుకోనివ్వొద్దు. చిక్కుడు కుటుంబం కదా, గింజ మీదికి మనసు పోయిందంటే పూత తగ్గించేస్తుంది. రెండు మూడు రోజులకోసారి చదునైన పచ్చకాయలు వెతికి తీయండి, అవి ఆకుల్లో దాక్కుంటాయి. కాగితం పూలలో రంగున్నవి రేకులు కావు, ఆకుల్లాంటి పొరలు, అసలు పువ్వు నడుమ ఉన్న చిన్న తెల్ల గొట్టం. దానికి ఒక్కో పువ్వూ తీసే పని లేదు. ఒక విడత పూత అయ్యాక రెమ్మల కొసలు కత్తిరిస్తే కొత్త చిగురు మీద మళ్లీ పూస్తుంది. నూరువరహాలకు వాడిన గుత్తిని కింద ఒకటి రెండు జతల ఆకులతో తీయండి, అంతకన్నా లోపలికి వెళ్తే మళ్లీ పూతకు చాలాకాలం ఆగాలి. గన్నేరు కోసేవాళ్లు తొడుగులు వేసుకోండి. దాని పాలు విషం. కోసిన కొమ్మల్ని పిల్లలకు, పశువులకు అందేలా పడేయకండి, కాల్చనూ వద్దు, పొగ కూడా మంచిది కాదు.

ఇంకెవరో లిల్లీ గడ్డల గురించి అడిగారు. పువ్వు వాడగానే ఆకులతో సహా నేలమట్టంగా కోసేస్తున్నామని. అమ్మా, దయచేసి ఆకులు కోయకండి. గడ్డ మొక్కల్లో వచ్చే ఏడాది పువ్వుకు కావాల్సిన తిండి, ఈ ఏడాది పూత అయ్యాక మిగిలే ఆకులే తయారుచేసి గడ్డలో దాస్తాయి. వాడిన పువ్వును, కాయ కట్టే భాగాన్ని తీయండి. ఆకులు వాటంతటవే పసుపుగా మారి పడిపోయేదాకా ఉంచండి. చూడ్డానికి బాగుండకపోతే ముందు ఇంకో కుండీ పెట్టుకోండి. ముడివేయడం, జడలా అల్లడం కూడా చేస్తుంటారు, అదీ వద్దు, ఆకుకు ఎండ తగలాలి.

చామంతి దగ్గర ఒక పరిమితి చెప్పాలి. చామంతి రాత్రులు పొడవయ్యే కాలంలోనే మొగ్గ వేస్తుంది. మొక్కలు పగటి పొడవును బట్టి పూతకు వస్తాయని గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు 1920లో తేల్చారు. కాబట్టి వాడిన చామంతులు తీస్తూ పోతే పక్క మొగ్గలు చక్కగా విచ్చుకుంటాయి, పూత ఇంకొన్నాళ్లు నిలుస్తుంది, అంతవరకే. రోజులు పొడవయ్యాక ఎంత తుంచినా కొత్త మొగ్గ రాదు. అప్పుడు కాడల్ని నేలకు ఓ జానెడు లోపు ఎత్తులో కోసేయండి. తర్వాతి పువ్వు మొదట్లోంచి వచ్చే పిలకలది.

ఎప్పుడు తుంచాలి? పువ్వు పూర్తిగా ఎండి కరకరలాడేదాకా ఆగొద్దు, అప్పటికే కాయ కొంత పెరిగి ఉంటుంది. రంగు వెలిసి, రేకుల అంచులు ముడుచుకోవడం మొదలైతే చాలు. డేలిల్లీకి ప్రతి పువ్వూ ఒక్కరోజుదే కాబట్టి రోజూ చూడాలి. మిగతావాటికి వారంలో రెండుసార్లు సరిపోతుంది. వానలు పడుతున్నప్పుడు మాత్రం ఎక్కువసార్లు తిరగండి. తడిసి ముద్దయిన పూరేకుల మీద బొట్రైటిస్ అనే బూడిద రంగు బూజు పుడుతుంది. ఆ రేకు ఏ ఆకు మీద పడి అంటుకుంటే అక్కడికి, ఏ మొగ్గకు తగిలితే దానికి పాకుతుంది. ముద్దగా పూసే రకాలు చాలావాటికి గింజ సరిగ్గా కట్టదు, కేసరాలు రేకులుగా మారిపోయి ఉంటాయి. వాటిని తుంచాల్సింది పూత కోసం కన్నా ఈ బూజు కోసమే. తడి ఆరాక, పొడిగా ఉన్న పూట చేయండి. బూజు పట్టిన వాటిని కంపోస్టులో వేయొద్దు. ఆరోగ్యంగా ఉన్నవి నిశ్చింతగా వేయొచ్చు. కత్తెర ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లేటప్పుడు స్పిరిట్‌తో తుడవండి, ముఖ్యంగా కొమ్మ కొస నుంచి నల్లగా ఎండుతూ వస్తున్న గులాబీని కోశాక. లేత కాడలకు మీ గోళ్లు చాలు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోను. తోటలో ఒక్క ఎండు పువ్వు కూడా కనపడకూడదన్న పట్టుదల. ఎకినేషియా, రుడ్బెకియా లాంటి మొక్కల నడిబొడ్డు ఎండాక దాని నిండా గింజలుంటాయి, చిన్న పిట్టలు వచ్చి వాటి మీద వాలి ఒక్కొక్కటే ఒలుచుకుని తింటాయి. పూతకాలం మొదట్లో తుంచండి, మొక్క బలంగా పూస్తుంది. చివరి విడత పూలను వదిలేయండి. రుగోసా గులాబీ కాయలు టమాటాల్లా ఎర్రగా, గుండ్రంగా వేలాడతాయి. వాటి కోసమే దాన్ని పెంచేవాళ్లున్నారు, వాళ్లు తుంచకూడదు. గింజలు దాచుకుని మొలకెత్తించాలనుకుంటే మొక్కలో బలమైన రెండు మూడు పూలను ముందే ఎంచుకుని, వాటికి దారం కట్టి గుర్తుపెట్టుకోండి, మిగతావి తీసేయండి. సంకరజాతి మొక్కల గింజలకు మాత్రం తల్లిలాంటి పువ్వే వస్తుందన్న భరోసా లేదు.

లావెండర్, హైడ్రాంజియా పెంచేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారని మొదట్లో చెప్పారు. లావెండర్‌ను పూత అయ్యాక పచ్చటి ఆకులున్న మేరకే కత్తిరించండి. ఆకులేని గోధుమ రంగు ముదురు కాండంలోకి వెళ్తే అక్కణ్ణుంచి మళ్లీ చిగురు రావడం కష్టం. పెద్ద గుండ్రటి పూలగుత్తుల హైడ్రాంజియాలో చాలా రకాలకు వచ్చే ఏడాది మొగ్గలు ఈ ఏడాది కొమ్మల మీదే ఏర్పడతాయి. గుత్తి కింద మొదటి లావు మొగ్గల జత పైన కోయండి, అంతకు మించి దిగితే వచ్చే ఏడాది ఆకులే చూడాలి.

మాటలు చాలు. ఇప్పుడు ఒక్కో కుండీ దగ్గరికి ముగ్గురు నలుగురు చొప్పున రండి. కత్తెరలు ఇక్కడ పెడుతున్నాను, కానీ వెంటనే తీసుకోవద్దు. ముందు మీ మొక్కలో వాడిన పువ్వు ఒకటి ఎంచుకోండి. కింద ఉబ్బు ఉందో లేదో నొక్కి చూడండి. తర్వాత కాడ వెంట వేలిని కిందికి జార్చుతూ వచ్చి, తర్వాతి పువ్వు ఎక్కణ్ణుంచి వస్తుందనుకుంటున్నారో అక్కడ ఆపి నాకు చూపించండి. గులాబీ దగ్గర నిలబడ్డవాళ్లు జాగ్రత్త, ఈ రకానికి ముళ్లు కాడ వెనక వైపు ఎక్కువ.